దొర నొప్పి

పొద్దునపూట ఆ ఇంట్లో ముగ్గురు మనుషులు ఒకరికొకరు అడ్డం రాకుండా తిరగడం ఒక విద్య. రెండు గదులు, ఒక వంటిల్లు, ఒకటే స్నానాలగది. లిఫ్టులు బాగుచేసే కొడుకు ముందు స్నానం చేసి, పనిముట్ల సంచీ గుమ్మం దగ్గర పెట్టుకుని, తిండికోసం కూర్చుంటాడు. కోడలు వంటింట్లో ఉంటుంది. అత్తగారు వంటింటి గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని, కోడలు ఉల్లిపాయ తరగడంలోనూ, మంట తగ్గించడంలోనూ, ఆఖరికి నిలబడడంలోనూ ఉన్న తప్పులు చెబుతూ ఉంటుంది. ఈ ముగ్గురి కాళ్ల మధ్యనుంచి, ఇల్లు తనదైనట్టూ వీళ్లంతా అద్దెకున్నట్టూ, బూడిదరంగు మగపిల్లి ఒకటి తోక నిలబెట్టి నడిచి వెళ్తుంది. అందుకే దానికి దొర అని పేరు పడింది.

దొరని తెచ్చింది కోడలు. ఆమె ఒక లాండ్రీ షాపులో చిరిగిన బట్టలకి చిరుగు కనబడకుండా రఫూ చేస్తుంది. పెళ్లయిన కొత్తలో షాపు వెనక తడిసిన అట్టపెట్టెలో ఇంకా కళ్లు తెరవని కూన దొరికితే, కొంగులో చుట్టుకుని వచ్చి, దూదితో పాలు తాగించి బతికించింది. పిల్లలు పుట్టలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే, "నాకు దొర ఉన్నాడు" అనేది నవ్వుతూనే.

పిల్లికి దెబ్బ తగిలితే నొప్పి పిల్లికి తెలియదు కదా, ఆ పిల్లి ఎవరిమీద మనసు పడిందో ఆ మనిషికి వెళ్తుంది. గోడలమీద పిల్లులు కొట్టుకున్న మర్నాడు వీధిలో సగం మంది వీపులు తడుముకుంటూ పనికి పోవడం మామూలే. దొర నొప్పి మాత్రం కోడలిదేనని ఇంటా బయటా అందరికీ తెలుసు, ఎందుకంటే ఆమే చెప్పింది. దొర గోడమీంచి జారితే "అబ్బా, నా మోకాలు" అనేది. పక్కింటి గండుపిల్లి రక్కితే రెండురోజులు నడుము పట్టుకుని తిరిగేది. నిజంగా నొప్పి పుట్టేదా అంటే, పుట్టినట్టే ఉండేది. అంత నమ్మకం ఉన్నాక నడుము నొప్పి రావడం ఎంతసేపు?

అత్తగారికి పిల్లి పొడ గిట్టదు. "అది తుమ్మితే నాకు దగ్గు, అది తిరిగితే నాకు కళ్లు తిరుగుడు" అని చెప్పు తీసి విసిరేది. చెప్పు ఎప్పుడూ గోడకే తగిలేది. పాపం గురి లేని మనిషి అనుకునేవారు. పైగా ఆవిడకి కీళ్లవాతం. నెలలో నాలుగైదు రోజులు ఘాటుగా వాసనేసే మందు రాసుకుని మంచం దిగేది కాదు.

ఇలా ఉండగా దొర నీళ్లు తాగడం మొదలుపెట్టాడు. గిన్నెలోవి చాలక బకెట్లో మూతిపెట్టి, బకెట్ చాలక నల్లా కింద కూర్చుని తాగేవాడు. రెట్టింపు తింటూ సగానికి సగం చిక్కిపోయాడు. నడుస్తూ నడుస్తూ వెనక కాళ్లు మడతపడేవి. కోడలు బుట్టలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

"షుగర్," అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ. "పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి ఇంజెక్షన్ వెయ్యాలి. తిండి తూచి పెట్టాలి. అప్పుడప్పుడు చెవి అంచున చిన్న సూదితో పొడిచి, చుక్క రక్తం తీసి మిషన్లో చూడాలి. మందు ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుంది, తక్కువైతే కాళ్లు పడిపోతాయి. నొప్పి ఎవరికెళ్తుంది?"

"నాకే," అంది కోడలు. అంత బాధలోనూ ఆ మాట గర్వంగానే వచ్చింది.

"మంచిది. ఎవరికి వెళ్తుందో వాళ్లే వెయ్యాలి, అప్పుడే చెయ్యి మెత్తగా ఉంటుంది. సూది మాత్రం ప్రతిసారీ కొత్తది తియ్యండి. ఒకసారి వాడితే మొన అరిగిపోతుంది."

"సూదుల సంగతి నాకు తెలుసు డాక్టరమ్మా. నా బతుకే సూది."

ఆ సాయంత్రం ఏడు కావస్తుంటే కోడలికి చెమటలు పట్టాయి. పుట్టింటివాళ్లకి జ్వరమొచ్చినా ఇంత భయపడలేదు. భర్త దొరని ఒళ్లో పట్టుకున్నాడు. కోడలు దొర మెడవెనక చర్మం చిటికెడు పైకి లాగి, తన మెడమీది జుట్టు పక్కకి తోసుకుంది. నొప్పి వచ్చినప్పుడు అరవకూడదనీ, దొర బెదురుతాడనీ పెదవి కొరుక్కుని, సూది దించింది.

ఏమీ కాలేదు. వంటింట్లో గ్లాసు పగిలింది.

"అమ్మో, ఏదో కుట్టింది!" అంటూ అత్తగారు మెడవెనక చెయ్యి పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దొర అతని ఒళ్లోంచి దూకి, ఒళ్లు విరుచుకుని, తిన్నగా వెళ్లి అత్తగారి పాదాలకి నుదురు రుద్దాడు.

"అమ్మా, నీకా?" అన్నాడు కొడుకు. తర్వాత భార్యవైపు తిరిగి, అడగకూడనిది అమాయకంగా అడిగాడు. "మరి ఇన్నాళ్లూ నీ నడుము?"

కోడలు షుగర్ మిషన్ డబ్బా తెరిచి చిన్న సూది తీసి, దొరని పట్టుకుని చెవి అంచున పొడిచింది. అత్తగారు చెవి పట్టుకుని గెంతింది. అనుమానం తీరింది. వీధిలో ఎన్ని మోకాళ్లు, ఎన్ని నడుములు చెప్పుకు తిరిగిందో అవన్నీ గుర్తొచ్చి కోడలికి తలెత్తబుద్ధి కాలేదు. చేతులారా పెంచిన తను ఎవరూ కాకుండా పోయి, చెప్పు విసిరిన మనిషి దొరకి ప్రాణమైపోయింది. ఆ రాత్రి ఆమె ఏడ్చిన ఏడుపు జబ్బుకోసం కాదు.

పద్ధతి ప్రకారం ఇక ఇంజెక్షన్ అత్తగారు వెయ్యాలి. "నా చేతులు వణుకుతాయి. తెచ్చినవాళ్లే వేసుకోండి" అని ఆవిడ పక్కకి తిరిగి పడుకుంది. రెండోసారి చూపించడానికి వెళ్లినప్పుడు కోడలు డాక్టరమ్మని అడిగింది.

"ఇది మారదా అండీ?"

"ఆ మనిషి ఉన్నంతకాలం మారదు. పోయాక, దానికి తర్వాత ఎవరంటే ఇష్టమో వాళ్లకి వెళ్తుంది."

ఆ మాట కోడలి మనసులో ఒక మూల పీట వేసుకుని కూర్చుంది. పొమ్మంటే పోలేదు.

రోజులు గడిచేకొద్దీ ఇల్లంతా దొర జబ్బు చుట్టూ తిరగసాగింది. కోడలు త్రాసు కొని గింజ గింజ తూచి పెట్టేది. షాపులో కుట్టు మధ్యలో వదిలి ఏడింటికల్లా ఇంటికి పరుగెత్తేది. ఎవరింటికీ వెళ్లడం లేదు, ఎవర్నీ రానివ్వడం లేదు. ఇంజెక్షన్ వేశాక దొర నిద్రపోతే, నిద్రా, స్పృహ తప్పడమా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఎంత చేసినా షుగర్ మాత్రం దిగట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నానో తెలియక జుట్టు పీక్కునేది. అంతా చేసి, పిలిస్తే దొర రాడు. పట్టి నొక్కిపెట్టే చెయ్యి ఏదో వాడికి తెలిసిపోయింది. ఆమె అడుగు వినబడితే అత్తగారి మంచం కిందికి దూరేవాడు.

అత్తగారికీ ఒక సంగతి తెలిసొచ్చింది. రోజుకి రెండుసార్లు తన మెడ కోడలి చేతిలో ఉంటోంది. ఏడు కావస్తుంటే ఆవిడ గొంతులో తేనె కారేది.

"ఇవాళ వంట బాగా కుదిరిందమ్మాయ్."

"నిన్న ఉప్పెక్కువైందన్నారుగా అత్తయ్యా."

"నిన్నటి మాట నిన్నటిదే. మెల్లగా వెయ్యవే తల్లీ."

మెల్లగా వెయ్యడమంటే కోడలు నిజంగానే మెల్లగా వేసేది. రఫూ చేసే చెయ్యికి తొందర ఉండదు. సూది కొత్తది తియ్యడం ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు. మొదట ఒకసారి మరిచిపోయింది. అత్తగారి ముఖం చూశాక, మర్నాడు కావాలనే మరిచిపోయింది. "దొర కదిలాడు" అని రెండోసారి పొడిచేది. ఇక చెవి పరీక్ష అప్పుడప్పుడు కాస్తా పూటపూటకీ వచ్చింది. ఇల్లు ఊడ్చే పద్ధతికి వంకపెడితే ఒక చుక్క. పుట్టింటివాళ్ల మాటెత్తితే ఒక చుక్క. పిల్లలు లేని సంగతి ఎత్తిన రోజు, రక్తం చాల్లేదని రెండు చెవులూ చూసింది. అత్త కొట్టిన కుండ అడుగోటికుండ, కోడలు కొట్టిన కుండ కొత్తకుండ అంటారు. ఈ ఇంట్లో కుండలు తారుమారయ్యాయి.

కొడుకు నిమ్మకి నీరెత్తినట్టు ఉన్నాడు. సాయంత్రం గ్రీజు చేతులు కడుక్కుంటూ, తల్లి నలుపుకుని నలుపుకుని చెవి అంచులు ఎర్రబడి ఉండడం చూసేవాడు. మందుల షాపునుంచి కొత్త సూదుల డబ్బా తెచ్చి, ఏమీ అనకుండా షుగర్ మిషన్ పక్కన పెట్టేవాడు. వారం తర్వాత ఆ డబ్బా అలాగే సీలుతో ఉండేది. మళ్లీ ఇంకొకటి తెచ్చి దానిమీద పెట్టేవాడు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి లాండ్రీ మూసేస్తే కోడలు ముందే ఇంటికొచ్చింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల అత్తగారు నేలమీద కూర్చుని ఉంది. దొర ఆవిడ ఒళ్లో ఉన్నాడు. ఎదురుగా సాసర్లో పాలు, పాలలో నానిన బిస్కెట్లు. ఆవిడ వేలితో తీసి వాడి మూతికి అందిస్తోంది.

"తిను నాన్నా, తిను. అది వచ్చేస్తుంది."

"వచ్చాను అత్తయ్యా," అంది కోడలు.

అత్తగారు బెదరలేదు. ఆ బిస్కెట్టు ముక్క దొర మింగేదాకా ఆగి, వేలు తుడుచుకుంది.

"రోజూ పెడుతున్నారా?"

"రోజూ పెడుతున్నాను. చిన్నప్పట్నుంచీ పెడుతున్నాను."

"నేను గింజలు తూచుకుంటూ చస్తున్నాను. షుగర్ ఎందుకు దిగట్లేదో తెలీక నిద్ర మానేశాను."

"ఎందుకు దిగాలి? దిగితే నువ్వు చెవి పొడవడానికి సాకేముంటుంది?"

కోడలు గోడకి ఆనుకుంది. "అంటే మీకు మొదట్నుంచీ తెలుసు."

"వాడు కళ్లు తెరిచిన వారంలోనే తెలుసు. తలుపు సందులో తోక ఇరికింది, నా వెన్నులో నిప్పు పరుగెత్తింది. కీళ్లవాతం లేదు, ఏమీ లేదు. అంతా వాడు చేసొచ్చిన యుద్ధాలే. నువ్వేమో నా నడుము, నా మోకాలు అని వీధంతా టముకు వేసుకు తిరిగేదానివి. దుప్పట్లో మొహం పెట్టుకుని నవ్వుకునేదాన్ని."

"చెప్పొచ్చుగా!"

"ఎందుకు చెప్పాలి?" అత్తగారి గొంతు ఒక్కసారి గట్టిపడింది. "నా కొడుకుని తీసుకున్నావు. అమ్మా, తిన్నావా అని అడగాలన్నా వాడిప్పుడు ముందు నీ మొహం చూస్తాడు. ఇంట్లో నాదంటూ ఈ పిల్లి ఒక్కటి మిగిలింది. నీకు తెలిస్తే అదీ ఉండనివ్వవు. అందుకే చెప్పులు విసిరాను, గోడకి తగిలేలా."

ఇంకొకరైతే ఆ మాటకి కరిగేవారేమో. కోడలు కరగలేదు. తను దూదితో పాలు పట్టి బతికించుకున్నది వీళ్లిద్దరి మధ్యాహ్నాల కోసమా అనిపించింది. సాసర్ తీసి పాలు తొట్లో పారబోసింది. ఆ సాయంత్రం భర్త రాగానే చెప్పింది.

"ఈవిడ ఇంట్లో ఉంటే దొర చచ్చిపోతాడు. వదినగారింటికి పంపించండి."

కొడుకు తల్లి ముఖం చూశాడు, భార్య ముఖం చూశాడు. తల్లి బట్టలు సర్దడంలో సాయం చేశాడు. దొర బస్సు స్టాపుదాకా వెంటబడి వెళ్లి, బస్సు కదిలాక రోడ్డుమీద కూర్చుండిపోయాడు.

ఆడపడుచు ఇల్లు బస్సులో మూడుగంటల దూరం. నొప్పికి టిక్కెట్టు అక్కర్లేదు. ఏడు కాగానే అత్తగారు అక్కడ మంచంమీద కూర్చుని, దిండు గుండెలకి అదుముకుని ఎదురు చూసేది. ఇక్కడ దొర తిండి మానేశాడు. తినని పిల్లికి మందు వేస్తే ప్రమాదం, మానేస్తే ఇంకో ప్రమాదం. చెవి పరీక్షకి ఇప్పుడు నిజంగానే కారణం ఉంది. అందులో జబ్బుకోసం పొడిచేది ఎంత, కసికొద్దీ పొడిచేది ఎంత అన్నది కోడలికే తెలియకుండా పోయింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లికి చెలగాటం కూడా లేదు, గుమ్మంవైపు మొహం పెట్టి పడుకునేవాడు.

ఒకరోజు పొద్దున ఇంజెక్షన్ అయిన కాసేపటికి ఫోన్ మోగింది.

"ఆ సూది మార్చవే తల్లీ," అంది అత్తగారు. "మేకు దిగినట్టుంది."

"మీ ముద్దుల పిల్లేగా అత్తయ్యా. ఓర్చుకోండి."

"వాడు తిన్నాడా?"

"లేదు."

"నన్ను తీసుకెళ్లిపోవే. నేను పక్కన కూర్చుంటే తింటాడు. నువ్వు తూచిందే పెడతాను. బిస్కెట్టు ముక్క పెడితే నా చెయ్యి విరిచెయ్. నీ వంటని పల్లెత్తు మాటనను."

ఆ మనిషి అంత దిగివచ్చి అడగడం కోడలు తన కాపురంలో వినలేదు. రమ్మంటే సరిపోయేది. రమ్మందామనే నోరు తెరిచింది. అంతలో మంచంమీద నిస్త్రాణగా పడున్న దొర, ఫోన్లోంచి ఆ గొంతు వినబడగానే చెవులు నిక్కబొడుచుకుని, ఎన్నాళ్లకో లేచి వచ్చి, ఫోన్‌కి నుదురు రుద్దాడు. ఫోన్ పట్టుకున్న చేతికి కాదు.

"చూద్దాం లెండి," అని పెట్టేసింది.

చెవి పరీక్షకి అది వేళ కాదు. అయినా డబ్బా తెరిచింది. దొరని మోకాళ్ల మధ్య నొక్కిపట్టి, మొన అరిగిన చిన్న సూదితో చెవి అంచున పొడిచింది. రక్తం రాలేదు. కాసేపు చెవి నలిపి మళ్లీ పొడిచింది.

కుడిచెవి భగ్గుమంది.

మొదట ఆమెకి అర్థం కాలేదు. చెవి అంచు కాలిపోతున్నట్టుంది, ఎముకదాకా పాకింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత నొప్పి ఉంటుందని ఆమె అనుకోలేదు. అంతలోనే సంగతి తట్టి, చెవి పట్టుకుని లేచి నిలబడింది.

"ఏమండీ! నాకే! నాకే వచ్చింది! ఇదిగో చూడండి, నా చెవి!"

గుమ్మం దగ్గర బూట్లు కట్టుకుంటున్న భర్త చేతులు ఆగిపోయాయి. తలెత్తి భార్య ముఖం చూశాడు. ఆమె నవ్వుతోంది, ఏడుస్తోంది, పెళ్లినాడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు లేదు. ఆమె అప్పటికే ఫోన్ అందుకుంది. ఈ సంగతి అత్తగారికి చెప్పకుండా ఒక్క క్షణం ఆగలేకపోయింది. ఇన్నాళ్ల అవమానం ఒక్క మాటతో తీరిపోతుంది.

చాలాసేపు మోగాక ఎత్తారు.

"అత్తయ్యా, ఇప్పుడు మీ చెవికేమైనా తెలిసిందా?"

"నేను," అంది ఆడపడుచు. ఆమెకి ఊపిరి అందడం లేదు. "అమ్మ మెట్లు దిగుతోంది. నీతో మాట్లాడి, బట్టలు సర్దుకుంటానని పైనుంచి సంచీ తెచ్చుకుంటోంది. ఇంజెక్షన్ అయిపోయింది కదా అని ధీమాగా దిగుతోంది. ఉన్నట్టుండి అమ్మో అని చెవి పట్టుకుంది. కమ్మీ వదిలేసింది."

కోడలి చేతిలోంచి భర్త ఫోన్ తీసుకున్నాడు. విని, "వస్తున్నాం" అని పెట్టేశాడు. డాక్టరమ్మ చెప్పిన మాట, పీట వేసుకుని కూర్చున్న ఆ మాట, అప్పుడు లేచి నిలబడింది.

దొరని వదిలి వెళ్లడానికి లేదు, సాయంత్రం ఇంజెక్షన్ ఉంది. బుట్టలో పెట్టుకుని బస్సెక్కారు. దారిలో బుట్టమూత తోసుకుని బయటికొచ్చి, వాడు పుట్టి బుద్ధెరిగి మొదటిసారి, కోడలి ఒళ్లో ఎక్కి కూర్చున్నాడు. ఆమె కదల్లేదు. ఏళ్ల తరబడి కోరుకున్న బరువు అది. భర్త కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

జరగాల్సినవన్నీ జరిగి, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయేసరికి ఏడు కావస్తోంది. అత్తగారి గదిలో, అత్తగారి మంచంమీద కోడలు కూర్చుంది. దొర ఒళ్లోనే ఉన్నాడు. మధ్యాహ్నం ఆమె తూచి పెట్టిందంతా ఆమె చేతిలోంచే తిన్నాడు. గుమ్మంలో ఆడపడుచు నిలబడి ఉంది.

కోడలు మందు సిరంజిలోకి ఎక్కించింది గానీ చెయ్యి లేవలేదు. తన మెడలో తనే సూది దించుకోవాలి. పొద్దుటి నొప్పి చెవిలో ఇంకా సలుపుతోంది.

"నావల్ల కాదు," అంది. "మీరు వెయ్యండి. కొంచెం మెల్లగా."

భర్త వచ్చి పక్కన కూర్చున్నాడు. సంచీలోంచి కొత్త సూదుల డబ్బాలు మూడూ తీసి మంచంమీద వరసగా పెట్టాడు. మూడింటికీ సీలు అలాగే ఉంది. వాటిని చేత్తో పక్కకి జరిపాడు. సిరంజికి ఉన్న పాత సూదిని వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఇది బాగానే ఉందిగా," అన్నాడు. "ఇన్నాళ్లూ పనికొచ్చింది."

ఆమె భర్త ముఖం చూసింది. కోపం లేదు, దుఃఖం లేదు. ఆగిపోయిన లిఫ్టు ముందు నిలబడ్డప్పుడు ఉండే ముఖం అది. కొత్త సూది అడిగే అర్హత తనకి లేదని ఆమెకి తెలుసు.

అతను మెల్లగానే వేశాడు, చాలా మెల్లగా. కోడలు దిండు గుండెలకి అదుముకుని, అరవకుండా, కళ్లు మూసుకుంది.

"పడిందో లేదో అనుమానంగా ఉంది," అన్నాడు అతను సిరంజి కింద పెడుతూ. "షుగర్ కూడా చూద్దాం."

"చూడు తమ్ముడూ," అంది ఆడపడుచు గుమ్మంలోంచి. "జబ్బుపిల్లి. జాగ్రత్తగా చూసుకుంటే ఇంకో పదేళ్లు బతుకుతాడట."

అతను మిషన్ డబ్బా తెరిచాడు. దొర కోడలి ఒళ్లో ఇంకాస్త ముడుచుకుని, ఆమె అరచేతిలో తల పెట్టి, గురగురమంటూ కళ్లు మూసుకున్నాడు.